కొనండంటే రారు, అమ్మొద్దంటే వస్తారు

2025లో ఎఫ్‌సీ గోవా ఫుట్‌బాల్ జట్టు సూపర్ కప్ రెండుసార్లు గెలిచింది. మీరు సరిగ్గానే చదివారు. ఒకే ఏడాది, ఒకే కప్పు, రెండుసార్లు. మే 3న భువనేశ్వర్‌లో జంషెడ్‌పూర్‌ని 3-0తో ఓడించి ఒకటి. డిసెంబర్ 7న సొంతగడ్డ ఫతోర్దాలో ఈస్ట్ బెంగాల్‌తో గోలన్నదే లేకుండా ఆడి ఆడి, చివరికి పెనాల్టీల్లో 6-5తో ఇంకోటి. సంక్రాంతి బాగా జరిగింది కదా అని దీపావళికి మళ్ళీ గొబ్బెమ్మలు పెట్టుకున్నట్టుంది వ్యవహారం.

రెండోసారి ఎందుకు పెట్టారంటే, లీగు లేదు కనక. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఎప్పుడు మొదలవుతుందో, అసలు మొదలవుతుందో లేదో ఎవరూ చెప్పలేని రోజులవి. కొన్ని క్లబ్బులు జీతాలు కూడా ఆపేశాయి. ఆటగాళ్ళని ఊరికే కూర్చోబెట్టడం బాగోదని అక్టోబర్ 25న గోవాలో కప్పు మొదలెట్టేశారు.

మే నెలలో ముగిసింది నిఖార్సయిన నాకౌట్. ఓడినవాడు పెట్టె సర్దుకోవాలి, అంతే. రెండోది మర్యాదస్తుల నాకౌట్. పదహారు జట్లని నాలుగు గ్రూపులు చేసి, గ్రూపులో మొదటివాడికే సెమీఫైనల్ అన్నారు. డెంపో వాళ్ళు ఈస్ట్ బెంగాల్‌తో 2-2, మోహన్ బగాన్‌తో 0-0, చెన్నయిన్‌తో 1-1 చేసుకున్నారు. ఎవరి చేతిలోనూ ఓడలేదు, బయటికి పోయారు. ఊరు గోవాయే కనక ఆటో ఖర్చుతో సరిపోయింది. మోహన్ బగాన్ కూడా ఓడలేదు, అదీ పోయింది. ఈస్ట్ బెంగాల్‌తో సమానంగా ఐదు పాయింట్లు తెచ్చుకున్నా, చెన్నయిన్‌ని వీళ్ళు రెండు గోల్స్‌తో కొడితే వాళ్ళు నాలుగుతో కొట్టారు. ఓడకుండానే నాకౌటయ్యే సౌకర్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో కనుక్కోవాలి. పైగా గ్రూపు మ్యాచ్‌లు నవంబర్ 6కి ముగిస్తే సెమీస్ డిసెంబర్ 4న. మధ్యలో ఎవరు ఎవరితో ఆడాలో జనం మర్చిపోయినా పట్టించుకున్నవాడు లేడు.

అయినా మన ఫుట్‌బాల్‌లో ఒకరిని గెలిపించి ఒకరిని ఓడించడమంటే పెద్దలకి మొదట్నుంచీ మొహమాటమే. సూపర్ కప్‌కి ముందు ఉండిన ఫెడరేషన్ కప్‌లో 1978 ఫైనల్ తేలలేదని ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ కలిపి కప్పిచ్చారు. 1980లో మళ్ళీ ఆ రెండే ఫైనల్‌కొచ్చాయి, మళ్ళీ తేలలేదు, మళ్ళీ ఇద్దరికీ ఇచ్చారు.

ఇక మనవాళ్ళెవరున్నారని వెతుక్కుందాం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉండాలి కదా? ఉంది. కానీ హైదరాబాద్‌లో లేదు, ఆ పేరుతోనూ లేదు. కప్పు మొదలవబోతుండగా ఢిల్లీకి మకాం మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని బోర్డు తగిలించుకుంది. ఏడవాల్సింది కూడా ఏమీ లేదు. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలోనే అది హైదరాబాద్‌కి వచ్చింది. వచ్చిన మూడో ఏడు, 2022 మార్చి 20న, ఇదే ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ ట్రోఫీ ఎత్తింది. తర్వాత అప్పులు, ఆ తర్వాత ఢిల్లీ. పుణె, హైదరాబాద్, ఢిల్లీ: దక్షిణ మధ్య రైల్వే వేసిన టైంటేబుల్లా ఉంది. బదిలీల మీద తిరిగే ఉద్యోగికైనా యూనియన్ ఉంటుంది, అభిమానికి అదీ లేదు.

పాత హైదరాబాద్ వేరు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, బడిపంతులు, దేశానికి రెండు ఏషియాడ్ స్వర్ణాలు తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు. ఆ పోలీసు జట్టుని ఢిల్లీకి ఎత్తుకుపోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. పోలీస్ స్టేషన్‌ని ఊరు మార్చలేం కదా. కర్మాగారాల జట్లూ అంతే. మొట్టమొదటి ఫెడరేషన్ కప్, 1977లో, గెలిచింది ఎవరనుకున్నారు? బెంగళూరు ఐటీఐ. మన ఇళ్ళల్లోని నల్లటి టెలిఫోన్లు తయారుచేసిన ఆ ప్రభుత్వ కర్మాగారమే. ఫైనల్లో మోహన్ బగాన్‌ని 1-0తో కొట్టింది. షిఫ్టు దిగి బూట్లు కట్టుకున్న జట్టుకి వచ్చే ఏడు తను ఏ ఊళ్ళో ఉంటుందోనన్న బెంగ ఉండదు. ఫర్నేసుకి చక్రాలుండవు. ఫ్రాంచైజీకి ఉండేవే చక్రాలు.

ఈ లెక్కన విశాఖపట్నానికి జట్టు లేకపోవడం అన్యాయం కాదు, అసహజం. దేశంలో ఈ ఆట ఎక్కడ బతికిందో చూడండి. కోల్‌కతా, కొచ్చి, మార్మగోవా: రేవులు. జంషెడ్‌పూర్: ఉక్కు. మన దగ్గర 1933 నుంచి పోర్టుంది, 1992లో జాతికి అంకితమిచ్చిన స్టీల్ ప్లాంటుంది, తూర్పు నౌకాదళం ఉంది, రైల్వే ఉంది. ఫుట్‌బాల్‌కి కావలసిన దినుసులన్నీ ఒకే ఊళ్ళో పోసి, వండడం మర్చిపోయారు. నౌకాదళానికి జట్టుంది గాని అది కొచ్చిలో ఉంటుంది. ఉక్కునగరంలో స్టేడియం ఉంది గాని దాని పేరు కల్నల్ సీకే నాయుడు. మహానుభావుడు, మనవాడే, కాకపోతే క్రికెటర్.

ఇనుప ఖనిజం సంగతి మరీ చిత్రం. గోవాలో ఖనిజం తవ్విన కుటుంబాలు డెంపో, సల్గావ్‌కర్ అని క్లబ్బులు నడిపాయి. సల్గావ్‌కర్ 1988, 1989ల్లో వరసగా ఫెడరేషన్ కప్ కొట్టింది. మనకీ ఖనిజం ఉంది, బైలదిల్లా కొండల నుంచి కేకే లైన్ మీద దిగి, మన రేవులో ఓడెక్కి ఏళ్ళ తరబడి జపాన్ వెళ్ళింది. దాని ఫలితం ఫుట్‌బాల్‌లో లేకపోలేదు: 2026 ప్రపంచ కప్‌కి ఆతిథ్య దేశాలు కాక అందరికంటే ముందు అర్హత సాధించింది జపానే. మన ఇనుము ఎక్కడో ఒకచోట గోలు కొడుతూనే ఉందని సరిపెట్టుకోవాలి.

ఆటలంటే ఊరికి పడదా అంటే అదీ కాదు. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ సీజన్ విశాఖలోనే మొదలైంది. అక్టోబర్ 12న మధురవాడలో మహిళల క్రికెట్ ప్రపంచ కప్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా అమ్మాయిలు 331 పరుగులు ఛేదించి మన నోట మాట లేకుండా చేశారు. ఫుట్‌బాల్ వంతు వచ్చేసరికి మాత్రం మనం రైలు కిటికీలోంచి చూసే జనం. కప్పు కొన్నేళ్ళు భువనేశ్వర్‌లో జరిగింది, ఒకసారి కోజికోడ్‌లో, తర్వాత గోవాలో. ఎటు నుంచి ఎటు వెళ్ళినా మధ్యలో మనల్ని దాటుకునే వెళ్ళింది.

ఇప్పుడు అసలు ముచ్చట. కప్పు మొదలవబోతుండగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య టెండరు పిలిచింది. లీగుని పదిహేనేళ్ళు నడుపుకోండి, ఏడాదికి కనీసం 37.5 కోట్లో, ఆదాయంలో 5 శాతమో, ఏది ఎక్కువైతే అది మాకివ్వండి అంది. గడువు నవంబర్ 7. వచ్చిన బిడ్లు సున్నా. కప్ ఫైనల్ స్కోరు కూడా సున్నా-సున్నా కావడం కేవలం యాదృచ్ఛికం.

ఈ వార్త మా వీధి బాబాయ్‌కి చదివి వినిపించాను. స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరైన మనిషి. ప్లాంటు అమ్మొద్దంటూ కూర్మన్నపాలెంలో వేసిన దీక్షా శిబిరంలో ఎన్ని పూటలు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. మోకాళ్ళకి నూనె రాసుకుంటూ విన్నాడు, సీసా మూత బిగించి అడిగాడు.

"ఏటి బావూ, కొనండి బాబోయ్ అని పిలిస్తే ఒక్కడూ రాలేదా?"

"రాలేదు బాబాయ్."

"మరి మేం అమ్మొద్దురో అని అయిదేళ్ళ నుంచి మొత్తుకుంటంటే ఒచ్చి సూసెల్తన్నారేటి?"

నా దగ్గర జవాబు లేదు. 2021 జనవరి 27న కేంద్రం ప్లాంటులో నూరు శాతం వాటా వదిలించుకుంటానంది. వర్కింగ్ క్యాపిటల్ కోసం పిలుపిస్తే 2023 ఏప్రిల్‌లో సింగరేణి అధికారులొచ్చి ప్లాంటు చూసి వెళ్ళారు. సీబీఐ మాజీ జేడీ లక్ష్మీనారాయణ జనం నెలకి వంద రూపాయల చొప్పున వేస్తే చాలంటూ తనూ ఒక బిడ్ వేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ తల్లి పేరూ పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి, సొంత ఇనుప ఖనిజం గని ఒక్కటీ లేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఏడాదికి 37.5 కోట్ల చొప్పున లెక్కేస్తే ఆ డబ్బుతో లీగుని 305 ఏళ్ళు నడపొచ్చు. ప్లాంటు ఎన్నేళ్ళు నడుస్తుందన్నది మాత్రం ఏటా అడగాల్సిన ప్రశ్నగానే ఉంది.

అందుకని నాకో ఆలోచన వచ్చింది. టెండర్ల విషయంలో ఇంత అనుభవం ఉన్న ఊరు దేశంలో ఇంకోటి లేదు. లీగుకి మనమే బిడ్ వేద్దాం. నెలకి వంద స్కీము ఎలాగూ తయారుగా ఉంది. రాష్ట్రం పలుకుబడికీ లోటు లేదు: 2022 సెప్టెంబర్ 2న సమాఖ్య అధ్యక్ష ఎన్నికలో భైచుంగ్ భూటియా పేరు ప్రతిపాదించింది ఆంధ్ర, బలపరిచింది రాజస్థాన్. లెక్కపెడితే కళ్యాణ్ చౌబేకి 33, భూటియాకి 1. ప్రతిపాదించినవారూ బలపరిచినవారూ కలిస్తే రెండవ్వాలి కదా అని అడక్కండి, రహస్య బ్యాలెట్. ఆ ఒక్కటీ మనదేనని ధైర్యంగా చెప్పుకుందాం.

దరఖాస్తు చిత్తుప్రతి రాశాను. జట్టు విశాఖ దాటిపోరాదు. ఓడకపోతే ఇంటికి పంపరాదు. జీతం ఆపితే జట్టంతా కూర్మన్నపాలెంలో రిలే దీక్షకి కూర్చుంటుంది, టెంటు ఉంది, అద్దె కట్టనక్కర్లేదు. హోదా అన్నచోట 'కర్మాగారపు జట్టు' అని, ఐటీఐని తలుచుకుంటూ గర్వంగా నింపాను. ఆస్తుల వివరాలన్నచోట ఫర్నేసుల పేర్లు, టౌన్‌షిప్పు, స్టేడియం, మిగిలిన భూమి అన్నీ వరసగా రాశాను.

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చివరిదాకా చదివాడు. చదివి, ఆస్తుల పేజీ ఒక్కటీ జాగ్రత్తగా చింపి, నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

"మిగతాది పంపీ బావూ. ఈ కాయితం ఆళ్ళకి సూపెట్టీవనుకో, బంతి ఒగ్గీసి బూమి కొంటారు."