చెరిపేసిన గుర్తు

ఓపెన్ సోర్స్‌కి సాయం చేద్దామనే వెళ్లాను. చేసింది మాత్రం చెరుపు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు.

అమ్మ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో కనిపించేది. ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆగిపోయేది. అది చూడలేక తెలుగు అనువాదాలుండే పీవో ఫైల్ దించుకున్నాను. 1995లో గ్నూ ప్రాజెక్టు విడుదల చేసిన గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం పద్ధతి అది. పై వరుసలో ఇంగ్లీషు, కింది వరుసలో తెలుగు. కొత్తవాళ్లకు సూచనలూ పక్కనే ఉన్నాయి. చదవలేదు. తెలుగు వచ్చు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఒక్క రాత్రిలో నాలుగు వందల వరుసలు మార్చేశాను. ఎవరో పెట్టిన 'ఫైల్'ని అన్నిచోట్లా 'దస్త్రం' చేశాను. ఎందుకలా పెట్టారని ఒక్కరినీ అడగలేదు. కొన్ని వరుసల మీద 'ఫజ్జీ' అన్న గుర్తుంటే చెత్త అనుకుని ఆ గుర్తులన్నీ చెరిపేశాను. అంతా ఒకే మూటగా పంపించాను.

మూడో రోజు జవాబొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాద జట్టును చూసుకునే ఆయన రెండు వరుసలు విడదీసి చూపించారు.

మొదటిది, 'ఫలానా ఫోల్డర్‌లోకి ఇన్ని ఫైళ్లు కాపీ అయ్యాయి' అన్న వాక్యం. ఇంగ్లీషులో అంకె ముందు, ఫోల్డర్ పేరు తర్వాత. తెలుగులో పేరే ముందొస్తుందని వాటి స్థానంలో ఉన్న శాతం గుర్తులను అటూ ఇటూ మార్చాను. ఏది మొదటిదో ఏది రెండోదో చెప్పే అంకెలు మాత్రం వాటికి వెయ్యలేదు. ప్రోగ్రాం అంకెను పేరనుకుని అక్కడికక్కడే ఆగిపోయేది. గెట్‌టెక్స్ట్‌తో వచ్చే తనిఖీ ఒక్కసారి నడిపినా తప్పు నాకే దొరికేది.

రెండోది చూసి నా ఒళ్లు జలదరించింది. పైన 'రిమూవ్ ఫైల్', కింద 'దస్త్రాన్ని తరలించు'. కొత్త ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న 'మూవ్ ఫైల్' తెలుగును యంత్రం తెచ్చి అక్కడ పెట్టింది. మనిషి సరిచూడాలని ఫజ్జీ గుర్తు వేసింది. ఆ గుర్తున్నంత వరకు తెలుగు తెరమీదికి రాదు, ఇంగ్లీషే కనిపిస్తుంది. నేను ఆ కాపలా తీసేశాను. తరలిద్దామని అమ్మ ఆ బటన్ నొక్కి ఉంటే ఫైల్ పోయేది. తెరమీద నన్ను బాధపెట్టిన ఇంగ్లీషులో కొంత, ఎవరో జాగ్రత్తపడి వదిలిపెట్టినది.

ఆయన మర్యాదగానే రాశారు, 'చిన్న ముక్కలుగా పంపండి, కలిసి చూద్దాం' అని. నేను పొగరుతో అలిగి ఏడాది పాటు అటు తొంగిచూడలేదు. చేసినవాటిలో అన్నిటికన్నా పెద్ద తెలివితక్కువ పని అదే. తప్పు చూపించడానికి ఆయన తన సాయంత్రం ఖర్చుపెట్టారు. దాన్ని నేను అవమానం అనుకున్నాను.

తర్వాత తిరిగి వెళ్లాను. సూచనలు చదివాను. 'ఫైల్' మీద జట్టులో జరిగిన చర్చంతా చదివాను. మామూలు జనం నోట ఉన్న మాట అదేనని అందరూ కలిసి నిర్ణయించుకున్నారు. అప్పుడు ఒక్క వరుస తీసుకుని, ఇది నేను చెయ్యనా అని ముందు అడిగాను. తనిఖీ నడిపి పంపించాను. మర్నాడే చేర్చుకున్నారు.

'రిమూవ్ ఫైల్' కింద 'ఫైలును తీసివేయి'. తర్వాతి వెర్షన్ వచ్చాక అమ్మ అక్కడ ఆగకుండా చదువుకుంది.