ప్రతిభ వెలికితీత, ఫస్ట్ షిఫ్ట్

మామిడికాయలు ముదరకముందే మా గోదావరిఖనిలో కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు కాస్తాయి. ఈసారి వాటిలో పెద్దది వేసవి బాలల కళోత్సవానిది. కింద నిలబడి లెక్కపెట్టాను. చేతులు జోడించిన పెద్దమనుషుల ముఖాలు పదమూడు. పిల్లలు ముగ్గురు: భరతనాట్యం పాప, గిటారు చాటున సగం కనబడే బాబు, గాల్లోకి లేచిన ఒక కరాటే కాలు. (కాలును కూడా పిల్లల ఖాతాలోనే వేశాను.) అడుగున ఎర్రక్షరాలు: “చిన్నారుల్లో దాగి ఉన్న ప్రతిభను వెలికితీద్దాం.”

వెలికితీత గురించి ఎవరికి చెప్తున్నారండీ? 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ పట్టినప్పటి నుంచి ఈ గోదావరి లోయ చేస్తున్న పని అదే కదా. 2023-24లో సింగరేణి తీసింది 7 కోట్ల టన్నులు. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలోకి దిగి ఎక్కినవాణ్ణి. అడుగున ఉన్న సీము, అంటే బొగ్గు పొర, కావాలంటే పైనున్నది ఎత్తి పారబోయాలని నాకు బాగా తెలుసు. ఓపెన్‌కాస్టులో దాన్ని ఓబీ అంటాం. చెట్టయినా, చెలకయినా, బండరాయయినా లెక్కలోకి వచ్చాక ఓబీయే.

పిల్లల దగ్గర ఓబీ ఏముంటుంది? ఈ మధ్య ఏళ్లలో బడి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, నలభై తొమ్మిది రోజులు. అందులో పొద్దెక్కేదాకా నిద్ర, అమ్మమ్మ ఊరు, తాటిముంజలు, చింతచెట్టు కింద అష్టాచెమ్మ, చిర్రగోనె, ఏ పనీ లేక మంచం మీద బోర్లా పడుకొని బండల మీద పోయే చీమల్ని చూడటం. ఇదంతా ఎత్తి పోస్తే తప్ప ప్రతిభ తగలదట. మా కోడలు మే ఒకటో తారీఖుకే మా ఆరేళ్ల మనవరాలి మీది మట్టి మొత్తం తీయించేసింది.

కళోత్సవ శిబిరంలో పొద్దున ఏడింటికి గేటు దగ్గర మస్టర్. మా ఫస్ట్ షిఫ్ట్ కూడా ఏడింటికే. ఏడుకు డాన్సు, ఎనిమిదిన్నరకు డ్రాయింగ్, పదికి వ్యక్తిత్వ వికాసం. (ఆరేళ్ల పిల్లకు వికసించాల్సినవి ఇంకా ముందుపళ్లు ఉన్నాయి.) మూడు నాగాలు పెడితే సర్టిఫికెట్ కట్. సింగరేణి భాషలో ‘ప్లేడే’ అంటే ఆడుకునే రోజు కాదని బయటి వాళ్లకు తెలియదు. ఆదివారం సెలవునాడు డ్యూటీకి పోయి రెట్టింపు జీతం సంపాదించుకునే రోజు అది. ఆ మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఈనాటి పిల్లలకు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. తేడా అల్లా డబ్బులు పోయే దిక్కు. మాకు వచ్చేవి, వీళ్ల కోసం కట్టాలి.

డ్రాయింగ్ పోటీ రోజు నేను దగ్గరే ఉన్నాను. అంశం ‘మన ప్రకృతి’. అరవై మంది పిల్లలు అరవై అట్టల మీద ఒకే బొమ్మ వేస్తున్నారు. రెండు కొండలు, మధ్యలో నవ్వే సూర్యుడు, ఒక గుడిసె, దాని పక్క వంగిన కొబ్బరిచెట్టు, పైన టిక్కుమార్కుల్లాంటి పిట్టలు. మా కాలనీలో కొబ్బరిచెట్టు కోసం వెతకాలంటే ఆటో మాట్లాడుకోవాలి. మా చిన్నది మాత్రం క్వార్టర్ మెట్ల మీద నుంచి రోజూ చూసేదే వేసింది. మట్టిరంగులో, పైన బల్లపరుపుగా కోసినట్టున్న ఓబీ గుట్ట. దాని మీద డంపర్, దూరంగా పొగగొట్టాలు, పొగగొట్టానికి ఎర్రా తెల్లా పట్టీలు కూడా. జడ్జి మేడమ్ వంగి చూసి, “కొండ గోధుమరంగుల ఉంటదా బంగారం? గ్రీన్ వెయ్యాలె” అన్నది.

“మా గుట్ట గిట్లనే ఉంటది మేడమ్.”

“అది గుట్ట కాదురా, మట్టి.”

పిల్ల ఒక నిమిషం ఆలోచించి, ఆకుపచ్చ క్రేయాన్ తీసుకొని డంపర్‌కు వేసింది. కన్సోలేషన్ బహుమతి వచ్చింది.

కుటుంబమంతా కలిసి చేసే కార్యక్రమం అని ఇంకోటి పెట్టారు, మట్టిబొమ్మలు. గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లో మట్టి ప్యాకెట్లలో వచ్చింది, పుదీనా వాసనతో. నాన్నలు చెమటలు కక్కుతూ వినాయకులు చేశారు, అమ్మలు ఫొటోలు తీశారు, పిల్లలు కూలర్ ముందు నోరు తెరిచి ఆ గాలికి ‘ఆ...’ అని గొంతు వణికించుకున్నారు. వారం మొత్తంలో పిల్లలు సొంతంగా కట్టిన బాణీ అదొక్కటే.

ఇక ముగింపు సభ. నాలుగింటికి అన్నారు. మూడింటికే పిల్లలకు ముఖాన రంగు పూసి, పాలిస్టర్ బట్టలు బిగించి, షామియానా కింద వరుసగా కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి వచ్చింది ఆరూ ఇరవైకి. రామగుండం మే నెల గురించి తెలియనివాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు, ఊరి పేరులోనే గుండం ఉంది. బొగ్గుగనుల నియమాల్లో వేడికొక లెక్కుంది. పనిచేసే చోట, గాలిలో తేమనూ లెక్కేసే తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటిందంటే సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడాలి. అది గట్టి కండరాలున్న కార్మికుడి కోసం రాసిన నియమం. షామియానా కింది దేవకన్యలకు, ఝాన్సీ లక్ష్మీబాయిలకు అలాంటిదేదీ రాసినట్టు లేదు. చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను బాయిలో పనికి దించకూడదు. స్టేజీ ఎక్కించొద్దని మాత్రం ఏ చట్టమూ అనలేదు.

జ్యోతి వెలిగించారు. కూలర్ ఆర్పేసింది. కూలర్ ఆపి మళ్లీ వెలిగించారు. ఆ తర్వాత పదమూడు శాలువాలు. ఫ్లెక్సీ మీద లెక్క ఇక్కడ సరిపోయింది. “నేటి బాలలే రేపటి పౌరులు” అన్న మాట నాలుగుసార్లు వినబడింది. ఐదోసారికి ఒక రేపటి పౌరుడు మూత్రానికని లేస్తే యాంకర్, “దయచేసి పిల్లలు క్రమశిక్షణతో కూర్చోవాలి” అన్నాడు.

మా చిన్నదాని ఐటమ్ ఒగ్గుకథ. మూడు నిమిషాలు. గొంతు స్పీకర్‌లోది, డోలు థర్మోకోల్‌ది, ముఖాన పసుపు ఒక్కటే నిజం. ఓదెల మల్లన్న గుడి మా జిల్లాలోనే ఉంది. నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒడిలో పడుకొని విన్న ఒగ్గుకథ ఆ మల్లన్నదే. పసుపు, కుంకుమ, తెల్లపిండితో నేల మీద పట్నం ముగ్గు వేస్తుంటే దాన్ని తొక్కకుండా ఒంటికాలి మీద గెంతుతూ తిరిగేవాళ్లం. రాత్రి కథ మొదలైతే మల్లన్నకు మేడాలమ్మతో పెళ్లి దగ్గర నిద్రపోయేవాణ్ణి, డోలు దెబ్బకు లేచేసరికి రెండో భార్య గొల్ల కేతమ్మ వచ్చేసి ఉండేది. మధ్యలో ఏం జరిగిందో పొద్దున నాయనమ్మ చెప్పేది, తనకు నచ్చినట్టు మార్చి. ఎవరూ నా ప్రతిభ గురించి అడగలేదు. నాకు ప్రతిభ లేదు కూడా, అది వేరే సంగతి.

అన్ని శిబిరాలూ ఇంతేనా అని ఉడుక్కునేవాళ్లు ఉంటారు. కాదు. తెల్లవారుజామున గ్రౌండ్‌లో పైసా తీసుకోకుండా కబడ్డీ నేర్పే మాస్టార్లను, డప్పు పట్టుకోవడం నేర్పే అన్నలను నేనెరుగుదును. వాళ్ల ముఖాలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు కాబట్టే వాళ్ల మీద నాకు నమ్మకం. ఒకప్పుడు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల చేతే పాడించి, ఆడించి, మాట్లాడించి ఊళ్లన్నీ వినేట్టు చేశారు. 1945లో ‘బాల’ పత్రిక కూడా పెట్టారు. ఆ పనికి రేడియో ఎందుకంత బాగా కుదిరిందో ఇప్పుడు తెలుస్తోంది. రేడియోలో శాలువా కనబడదు.

చివరికి బహుమతులు. బొగ్గును ల్యాబ్‌లో మండించి, ఎంత వేడి ఇస్తుందో చూసి జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడు వేస్తారు. కళోత్సవంలో అంత శ్రమ లేదు, ఫీజు కట్టిన ప్రతి పిల్లా జీ-1. ‘అద్భుత బాలప్రతిభా పురస్కారం’ రెండు వందల నలభై మందికి ఇచ్చారు. మా చిన్నదాని మెమెంటో మీద ఉన్న పేరు పక్క కాలనీ పిల్లాడిది. వాడి చేతిలో ఎవరిదుందో ఇంకా తేలలేదు.

స్కూటీ మీద ఇంటికి వస్తుంటే నా ముందు నిలబడ్డ పిల్ల, అద్దంలో తన రంగు ముఖం చూసుకుంటూ అడిగింది: “తాతా, నాలోది మొత్తం తీసేసిన్రా?”

“ఏది బిడ్డా?”

“గదే, దాగి ఉన్నది.”

ఏం చెప్పమంటారు? జూన్ లోపల అయిపోయేట్టు కీబోర్డుకూ, వేదగణితానికీ పేరు రాయించి వచ్చింది వాళ్లమ్మ. కింద ఇంకో రెండు సీములున్నాయట.