అందుకోవాలంటే బ్రేకు వెయ్యండి

ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా ఎన్నేళ్ళు బండి నడిపినా ఆ అనుభవం కక్ష్యలో అక్కరకు రాదు. పైగా అడ్డం పడుతుంది. సికింద్రాబాద్ కాలేజీల్లో రాకెట్ల మీద మనసుపడ్డ పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. స్కైరూట్, ధ్రువ స్పేస్, అనంత్ టెక్నాలజీస్ లాంటి అంతరిక్ష సంస్థలు ఈ జంటనగరాల్లోనే ఉన్నాయి కాబట్టి వాళ్ళ ఆశకు ఆధారమూ ఉంది. ఈ సలహాలు వాళ్ళ కోసం. వినగానే అన్నీ తలకిందులుగా తోస్తాయి. అయినా పాటించండి, ప్రతి ఒక్కటీ నిజం.

1. పైన ఉండాలంటే పక్కకు పరుగెత్తండి

2022 నవంబర్ 18న మన స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి బంగాళాఖాతంలో పడింది. అది పరీక్షా ప్రయోగం, అలా పడేలాగే దాన్ని తయారుచేశారు. అదే రాకెట్ నిటారుగా 475 కిలోమీటర్లు ఎక్కినా తిరిగి కింద పడాల్సిందే. అంత ఎత్తులో కూడా భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 87 శాతం ఉంటుంది. ఉపగ్రహాన్ని అక్కడ నిలబెట్టేది పక్కకు పోయే వేగం, సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు. అదీ పడుతూనే ఉంటుంది. అయితే అది ఎంత పడితే కింద నేల అంత వంగిపోతుంది, అందుకే ఎప్పటికీ తగలదు.

ప్రయోగం చూడాలనుకుంటే సికింద్రాబాద్ నుంచి గూడూరు దాకా సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది, అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట. మొదట అందరి కళ్ళూ మంట మీదే ఉంటాయి. మీరు మాత్రం ఆ తర్వాత రాకెట్ సముద్రం మీదికి ఒరగడం గమనించండి. అసలు పని అక్కడ మొదలవుతుంది. తూర్పుకు పోయే రాకెట్‌కు భూమి తన తిరుగుడుతో సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే ఇస్తుంది.

2. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించండి

1965 జూన్ 3న జెమినై-4 నౌకలో అమెరికా వ్యోమగామి జిమ్ మెక్‌డివిట్ అప్పటికే విడిపోయిన తన రాకెట్ రెండో దశ పక్కనే నిలవాలని చూశాడు. దాని వైపు ముక్కు తిప్పి థ్రస్టర్లు మండించాడు. దగ్గరవడానికి బదులు దూరం పెరిగింది. మళ్ళీ మండించినా అదే వరస. చివరికి ఇంధనం అయిపోతోందని ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. ఆయన ఆరితేరిన పైలట్. విమానం నేర్పిన అలవాటే అక్కడ ఆయనకు ఎదురుతిరిగింది.

కారణం ఇదీ. ముందుకు నెడితే కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు తిరగడానికి ఎక్కువ సేపు పడుతుంది, మీరు వెనకబడతారు. వేగం తగ్గిస్తే కక్ష్య చిన్నదై చుట్టు త్వరగా పూర్తవుతుంది. 475 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు ఒక్క మీటరు తగ్గించి చూడండి. 94 నిమిషాల చుట్టు ముగిసేసరికి దాదాపు 17 కిలోమీటర్లు ముందుంటారు. అప్పుడు ఆ మీటరు వేగాన్ని తిరిగి కలుపుకోండి.

కక్ష్యలో రెండు ఉపగ్రహాలను కలిపి చూడటానికి ఇస్రో పంపిన స్పేడెక్స్ జంట సరిగ్గా అదే ఎత్తులో తిరిగింది. 2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్‌వీ-సీ60 మీద వెళ్ళిన ఆ రెండు ఉపగ్రహాలూ ఒక్కోటి 220 కిలోలు. వాటిని కూర్చి పరీక్షించింది అనంత్ టెక్నాలజీస్. జనవరి 7న, 9న అనుకున్న కలయిక రెండుసార్లూ వాయిదా పడింది. ఇస్రోవాళ్ళు తొందరపడలేదు. 12న మూడు మీటర్ల దాకా తెచ్చి కూడా వెనక్కి జరిపారు. 16న రెండూ కలిశాయి. ఆ ఓపికను నేర్చుకోండి.

3. దూరం పోవాలంటే దగ్గరికి వచ్చినప్పుడే ఇంజిన్ మండించండి

2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 నేరుగా చంద్రుడి దారి పట్టలేదు. భూమికి దాదాపు 170 కిలోమీటర్ల దగ్గరి నుంచి 36,500 కిలోమీటర్ల దూరం దాకా సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో చేరింది. దగ్గరి కొసలో దాని వేగం సెకనుకు పది కిలోమీటర్ల పైన, దూరపు కొసలో ఒకటిన్నర. ఒకే కొలత ఇంధనం దగ్గరి కొసలో మండిస్తే ఆరురెట్లకు పైగా శక్తి కలిసొస్తుంది. అందుకే కక్ష్యను ఐదుసార్లు పెంచి, ఆగస్టు 1న చంద్రుడి వైపు మళ్ళించారు. 23న దిగింది. అపోలో-11 మూడు రోజుల్లో చంద్రుడి కక్ష్య చేరిందంటే దాని వెనక సాటర్న్-5 అంతటి రాకెట్ ఉంది. చిన్న రాకెట్‌తో పెద్ద పని సాధించాలంటే రోజులు ఖర్చుపెట్టి ఇంధనం మిగుల్చుకోవాలి.

4. సూర్యుడి దగ్గరికి పోవాలంటే ఉన్న వేగం వదిలించుకోండి

భూమితో పాటు మనమూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాం. ఆ వేగం ఉన్నంతవరకూ సూర్యుడిలో పడం. దాన్నంతా పోగొట్టుకోవడం కంటే మరో పన్నెండు కిలోమీటర్లు కలిపి సౌరకుటుంబం దాటడమే తేలిక. 2018లో వెళ్ళిన పార్కర్ నౌక అందుకే ఏడుసార్లు శుక్రుడి పక్కగా పోయి వేగం తగ్గించుకుంది. 2024 డిసెంబర్ 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి చేరింది.

5. దగ్గరి దారిని నమ్మకండి

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు శ్రీహరికోట నుంచి సూటిదారి శ్రీలంక మీదుగా పోతుంది. రాలిపడే దశలు జనం మీద పడకూడదు. కాబట్టి పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయానికి వెళ్ళి, ద్వీపం దాటాక దక్షిణానికి తిరుగుతుంది. ఆ వంకర దారికి మోయగల బరువులో కొంత వదులుకుంటుంది. మనుషుల క్షేమం కోసం వదులుకున్న ఆ బరువు వృథా పోయినట్టు ఎన్నడూ అనుకోకండి. ఇంజినీరు నేర్వాల్సిన మొదటి పాఠం అదే.

6. నా మాట కూడా నమ్మకండి

కాగితం, పెన్సిల్ తీసుకోండి. 3,98,600ను భూమి కేంద్రం నుంచి దూరంతో, కిలోమీటర్లలో, భాగించి వర్గమూలం కట్టండి. అదే సెకనుకు కిలోమీటర్లలో కక్ష్యావేగం. 475 కిలోమీటర్ల ఎత్తుకు సరిపోయే 6,846 దగ్గర 7.6 వస్తుంది. చంద్రుడున్న 3,84,400 దగ్గర ఒకటికి కాస్త పైన వస్తుంది. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుందని మీ చేతి లెక్కే మీకు చెబుతుంది. పరీక్షలో వచ్చే సూత్రంగా బట్టీపట్టి వదిలేయకండి, పది దూరాలకు కట్టి చూడండి. మనసు ఒకటి చెప్పి లెక్క ఇంకొకటి చెప్పినప్పుడు లెక్క పక్షాన నిలబడటం అలవాటైతే, మీరు ఈ రంగంలోకి అడుగుపెట్టినట్టే.