అస్త్రాలు అరువు, శాపాలు బరువు

ఈమధ్య ఫాంటసీ నవల తెరిస్తే ముందు మ్యాపు కనిపిస్తుంది. ఏడు రాజ్యాలు, మూడు సముద్రాలు, నోరు తిరగని పేర్ల వంశాలు, చివర పదకోశం. వరల్డ్ బిల్డింగ్ అయిపోయినట్టే! ఇక హీరో చేతికి బ్రహ్మాస్త్రం అందించడమే తరువాయి. అది ఎన్నిసార్లయినా పేలుతుంది, వేసినవాడికి చెమటైనా పట్టదు. పురాణాన్ని ఆధునికం చేశామని రచయితలు మీసం మెలేస్తారు. చేసిందల్లా అస్త్రాలు ఎత్తుకొచ్చి, వాటికి అంటిపెట్టుకున్న శాపాలను అక్కడే వదిలేసి రావడం.

ఈ విషయంలో వ్యాసుడు పరమ పిసినారి. కర్ణుడికి ఇంద్రుడి శక్తి దక్కింది. కవచకుండలాలు ఒలిచి ఇచ్చాక, అదీ ఒక్కసారి వాడుకోవడానికే. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధం ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. చివరికి బ్రహ్మాస్త్రం వేద్దామంటే పరశురాముడి శాపం అడ్డొచ్చి మంత్రమే గుర్తుకు రాలేదు. అశ్వత్థామకు అస్త్రం వెయ్యడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. ఈ షరతులన్నీ ఎత్తేస్తే కర్ణుడు యుద్ధంలో దిగిన రోజే గెలిచి ఇంటికి పోతాడు. మనకు మహాభారతం ఉండదు, పోస్టరు ఉంటుంది.

కల్పనకు ఈ లెక్కలెందుకు, ఆపదలో దేవుళ్లు ప్రత్యక్షం కావడం లేదా అని అడగవచ్చు. అవుతారు. కానీ సాక్షాత్తూ విష్ణువు కూడా హిరణ్యకశిపుడి వరాన్ని కొట్టిపారెయ్యలేదు. మనిషీ మృగమూ కాని రూపం, పగలూ రాత్రీ కాని సంధ్య, లోపలా బయటా కాని గడప, ఆయుధం కాని గోళ్లు: ఒక్కో షరతునూ మన్నిస్తూనే పని ముగించాడు. దేవుడు తలవంచిన నిబంధనకు మన రచయిత తలవంచడు.

పాఠకుడికి కావలసింది వైభవం, నియమాలు విసుగు పుట్టిస్తాయన్నది మరో వాదన. 1951 నాటి 'పాతాళభైరవి'లో వైభవానికి లోటేమిటి? నియమం మాత్రం ఒక్కటే: ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. అందుకే అది చేజారగానే తోటరాముడు రాకుమారితో సహా సర్వమూ పోగొట్టుకున్నాడు, ప్రేక్షకుడి గుండె ఝల్లుమంది. 1957లో 'మాయాబజార్' సత్యపీఠం పనీ ఒక్కటే, ఎక్కినవాడి చేత నిజం చెప్పించడం. దాన్ని ముందే చూపించారు కాబట్టి, చివర శకుని దానిమీద కాలు పెట్టగానే హాలంతా నవ్వింది.

షరతు లేని శక్తి ఏం చేస్తుందో కూడా మన కథలే చెప్పాయి. భస్మాసురుడికి అడిగిందల్లా ఇచ్చేసిన శివుడు, ఆ చెయ్యి తన తలమీదికే వస్తుంటే పరుగు లంకించుకున్నాడు. హీరోకు అంతులేని బలమిచ్చిన రచయిత పరిస్థితీ అదే. ఆ బలానికి సరిపడే విలన్ దొరక్క రెండో భాగంలోకి, అక్కడినుంచి మూడో భాగంలోకి పరిగెడుతూనే ఉన్నాడు. శివుణ్ని కాపాడడానికి మోహిని వచ్చింది. ఈయనకు ఆ పాత్ర రాయడం కూడా రాదు.