తిరుప్పావై పుస్తకం కథ

గుంటూరులో ఓ ఇంటి పూజగదిలో ఉండే తిరుప్పావై పుస్తకం కథ ఇది. దీని భాష తమిళం, లిపి తెలుగు. ఆ ఇంట్లో తమిళం వచ్చినవాళ్లు లేరు. అయినా డిసెంబరు 16 తెల్లవారుజామున శాలువాలు కప్పుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఇక పుస్తకానికి పండగే.

శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి పాడిన తిరుప్పావైలో పాశురాలు 30. రోజుకొకటి చొప్పున ధనుర్మాసమంతా సరిపోతాయి. తిరుమలలోనూ ఈ నెలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తారు. ఈ ఇంట్లో నాయనమ్మ ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. ఆ తర్వాత తాతయ్య అర్థం చెబుతారు.

పిల్లలు కళ్లు నులుముకుంటూ కూర్చునేది ఆ అర్థం కోసమే. గొల్లపల్లె పడుచులు చీకటితోనే లేచి స్నానానికి బయల్దేరతారు. వ్రతం కనుక నెయ్యి, పాలు ముట్టరు, కాటుక పెట్టరు, పూలు ముడవరు. ఒకచోట పెరుగు చిలికే చప్పుడు, ఇంకోచోట మేతకు కదిలిన గేదెలు, మరోచోట వాకిట్లో నిలబడ్డవాళ్ల తలల మీద కురిసే మంచు. 6 నుంచి 15 దాకా పది పాశురాలూ నిద్ర లేవని చెలులను లేపడమే.

అదే అరలో ఆముక్తమాల్యద కూడా ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గోదాదేవి కథనే ప్రబంధంగా రాశారు. తాతయ్య దాన్ని మధ్యాహ్నాలు ఒక్కరే చదువుకుంటారు. తిరుప్పావై మాత్రం పది గొంతులు కలిస్తేనే నిండుగా ఉంటుంది.

అందుకు 15వ పాశురమే సాక్ష్యం. అది మొత్తం సంభాషణ. బయటివాళ్లు పిలుస్తుంటే లోపలి పిల్ల దీటుగా జవాబిస్తుంది. ఎవరి మాట ఏదో తెలియాలని నాయనమ్మ అంచున పెన్సిలుతో ‘లో’, ‘బ’ అని గుర్తులు పెట్టింది. డిసెంబరు 30న ఇల్లు రెండు జట్లవుతుంది. షికాగోలో ఉన్న మనవరాలికి అప్పుడు 29 సాయంత్రం. లోపలి పిల్ల వంతు తనదే. వీడియో కాల్‌లోంచి ఆమె గట్టిగా బదులిస్తుంటే ఇక్కడి తమ్ముళ్లు అంతకంటే గట్టిగా పిలుస్తారు.

జనవరి 11న 27వ పాశురం. వ్రతం కోసం మానేసిన నెయ్యి, పాలు అందులో తిరిగొస్తాయి, మోచేతి దాకా నెయ్యి కారేలా. ఆరోజు నైవేద్యం నేతితో నిండిన పరమాన్నం. ఆ పేజీని ఎవరూ వెతకనక్కర్లేదు. నేతి వేళ్లతో తిప్పీ తిప్పీ కాగితం అద్దంలా తయారై, పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంటుంది. నాయనమ్మ ఇంకా ఎత్తుకోకముందే పిల్లలు మొదలుపెట్టేస్తారు.