సీటు సంజీవని: ‘అడ్జస్ట్’ ధాతువుకు టీకా తాత్పర్యం

మూలం

“ఓ అక్కా! ముగ్గురు కూసునే సీట్ల నలుగురు పడ్తరు. జర అడ్జస్ట్ గారాదు, గీ అవ్వ కూసుంటది.”

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఆయన కాలానికి బస్సు లేదు గనుక పై వాక్యం వ్యాఖ్యానం లేకుండా మిగిలిపోయింది. ఆ లోటు తీర్చడానికే ఈ సాహసం.

వక్త కండక్టరు. స్థలం కరీంనగర్ బస్టాండులో జగిత్యాలకు బయలుదేరబోతున్న పల్లెవెలుగు. కాలం పెండ్లిళ్ల సీజను. శ్రోత కిటికీ పక్కన చోటు దక్కించుకున్న ఒక సోదరి. ఆ చోటు ఆమెకు ఊరికే రాలేదు. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే పక్కన ఉరికి, కిటికీలోంచి దస్తీ వేసి సంపాదించుకున్నది. దస్తీ వేసిన సీటు మీద హక్కు ఏ చట్టంలోనూ లేదు; అయినా దాన్ని కాదన్నవాడు ఆ బస్సులో దిగేదాకా మాటలు పడాలి. అంతటి హక్కులో నాలుగో వంతు ధారపోయమని అడగడమే ఇక్కడి సందర్భం.

ప్రతిపదార్థం

ఓ అక్కా = ఓ సోదరీ! (కండక్టరు కంటే ఇరవై ఏళ్లు చిన్నదైనా అక్కే. పని పడ్డవాడే తమ్ముడు.)

ముగ్గురు కూసునే సీట్ల = ముగ్గురి కోసం చేసిన బెంచీలో. (చేసినవాడు సంచులను లెక్కలోకి తీసుకోలేదు.)

నలుగురు = ముగ్గురి మీద ఒకరు. (ఒళ్లో పిల్లలు, కాళ్ల కింద గంపలో కోడిపుంజు ఈ సంఖ్యలో చేరరు.)

పడ్తరు = పడతారు, అంటే ఇముడుతారు. (కింద పడతారని చెప్పరాదు. అంచున కూర్చున్న నాలుగో మనిషి విషయంలో మాత్రం రెండర్థాలూ చెల్లుతాయి గనుక శ్లేష.)

జర = కొంచెం. (ఉర్దూ ‘జరా’. ఎంత కొంచెం అన్నది రాబోయే మనిషిని బట్టి ఉంటుంది.)

అడ్జస్ట్ గారాదు = సర్దుకొనుము.

గీ అవ్వ = ఈ వృద్ధురాలు.

కూసుంటది = కూర్చుంటుంది. (భవిష్యదర్థం. అక్క ఒప్పుకోకముందే అవ్వ సగం కూర్చున్నది గనుక భూతార్థమేనని కొందరు.)

పాఠభేదాలు

‘గారాదు’ దగ్గర కృష్ణా తీర పండితులు తడబడతారు. ‘కారాదు’ అంటే కాకూడదు కదా, కండక్టరు సర్దుకోవద్దని నిషేధిస్తున్నాడా అని వాళ్ల శంక. ఉత్తర తెలంగాణలో ‘రాదు’ చేరితే నిషేధం కాదు, బతిమాలడం. ‘తినరాదు’ అంటే తినమని, ‘చెప్పరాదు’ అంటే చెప్పమని. ‘జర కూసోరాదు’ అంటే అటువైపు చుట్టం నిలబడే ఉంటాడు, ఇటువైపు చుట్టం కుర్చీ గుంజుకుంటాడు.

ఆదిలాబాద్ ప్రతిలో, పెన్‌గంగ దాటి మహారాష్ట్రకు పోయే బస్సుల్లో, ‘జరా సరకా’ అని మరాఠీ పాఠం కనిపిస్తుంది. దీనికి దీటైన పాత తెలుగు పాఠం ‘జర జరుగు’. బెంగళూరు ప్రతిలో ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’. భాష ఏదైనా జర, జరా, స్వల్ప అన్నీ కొంచెమే. ‘శానా అడ్జస్ట్ గా’ అని ఏ ప్రతిలోనూ లేదు. అడిగేది గోరంత అని ముందే చెప్పడం ఈ ధాతువుకు సహజ లక్షణం.

‘జరుగు’ ఉండగా ‘అడ్జస్ట్’ ఎందుకు అని ఆక్షేపం. జరుగు అంటే ఒళ్లు ఒక్కటే కదులుతుంది, అదీ కసురుకుంటూ. అడ్జస్ట్ అంటే కదలడంతో పాటు కదిలినందుకు మొహం మాడ్చకపోవడం కూడా కలిసి వస్తుందని సమాధానం.

వ్యుత్పత్తి

లాటిన్‌లో ‘అడ్’ అంటే వైపుకు, ‘యుక్స్తా’ అంటే దగ్గర. రెండూ కలిసి దగ్గరకు చేర్చు అని అర్థం. అది పాత ఫ్రెంచిలో నలిగి ఇంగ్లీషుకు చేరింది. దారిలో ఒక పొరపాటు జరిగింది. అందులో ‘జస్ట్’ వినిపించేసరికి న్యాయం అనే అర్థమున్న ‘యుస్తుస్’ దీనికి తల్లి అనుకున్నారు. సరిచేయు, సమంచేయు అనే వాసన దీనికి కొంత అలా అంటింది. పుట్టుకలో ఉన్నది మాత్రం దగ్గరితనమే, న్యాయం కాదు. ఈ సంగతి పాఠకుడు గుర్తుంచుకోవాలి. ముందు అవసరం పడుతుంది.

ఇంతకంటే పెద్ద విశేషం ఉంది. యుక్స్తాకు మూలమైన ధాతువూ, సంస్కృతంలోని ‘యుజ్’ ధాతువూ ఒకే వేరు నుంచి వచ్చాయని భాషాశాస్త్రం. కాబట్టి యోగం, సంయోగం, ఉద్యోగం ఈ అడ్జస్టుకు దాయాదులు. నాలుగో మనిషిగా సీటు అంచున ఒక కాలి మీద భారం మోపి జగిత్యాల దాకా కూర్చున్నవారిని యోగులనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఇక ఆ యుక్స్తా నుంచే గుర్రాల మీద ఎదురెదురుగా వచ్చి ఈటెలతో పొడుచుకునే ‘జౌస్ట్’, దాని నుంచి తోసుకోవడం అనే ‘జాసిల్’ పుట్టాయి. అంటే తోసుకోవడం, సర్దుకోవడం ఒకే ఇంటి ఆడపడుచులు. పెద్దామె బస్సు తలుపు దగ్గర, చిన్నామె సీటు దగ్గర కాపురం చేస్తారు.

వ్యాకరణ విశేషం

ఇంగ్లీషులో ఇది క్రియ. తెలుగు గడప తొక్కగానే నామమై, ‘చేయు’నో ‘అగు’నో ఆసరా చేసుకుంటుంది. నిజాం కచేరీల ఉర్దూ వచ్చిన దారీ ఇదే: దాఖలు చేసిరి, మాఫీ చేసిరి, జప్తు అయ్యెను. ఆ తలుపులోంచే అడ్జస్టూ వచ్చింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీన్ని చెప్పకపోవడానికి కారణం ఆయనకు పల్లెవెలుగు ప్రయాణం లేకపోవడమే.

‘అడ్జస్ట్ చేసుకో’ అన్నప్పుడు ‘కొను’ చేరి ఆత్మార్థకమవుతుంది. వండుకో అంటే నీ కోసం వండు, దాచుకో అంటే నీ కోసం దాచు. మరి అడ్జస్ట్ చేసుకో అంటే? పని నీది, ఫలం అవతలివాడిది. రూపంలో ఆత్మార్థకమై ఫలంలో పరార్థకమైన క్రియ తెలుగులో ఇంకొకటి చూపించినవారికి ఈ టీకాకారుడు కిటికీ సీటు ఇస్తాడు.

ప్రయోగాలు

స్థలార్థం: ఇది మూలంలో ఉన్నదే. నేటి ఆర్టీసీకి మూలమైన నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ ప్రయోగం బహుళమైంది. టికెట్‌కు సున్నా పడింది గానీ బెంచీ పొడవు మారలేదు.

ద్రవ్యార్థం: చిల్లర లేని కండక్టరు, ముక్కూమొహం తెలియని ఇద్దరికి కలిపి ఒక యాభై నోటు ఇచ్చి, “ఇద్దరిది గిండ్లనే ఉన్నది, మీరు మీరు అడ్జస్ట్ చేసుకోండ్రి” అని ముందుకు పోతాడు. ఒకరికి రావలసింది ముప్పై, ఇంకొకరికి ఇరవై. ఒకరు గంగాధరలో దిగాలి, ఇంకొకరు కొండగట్టులో. గంగాధర వచ్చేసరికి ఇద్దరూ కిందికి దిగి, చాయ్ హోటల్లో అక్కరలేని బిస్కెట్ పుడ కొని నోటు విరగ్గొడతారు. డ్రైవరు హారన్ మోగిస్తుంటాడు. ఆ మండలంలోనే కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు కందపద్యాలు చెక్కించాడు. గణాన్ని అటూ ఇటూ జరగనివ్వని ఛందస్సు అది. అడ్జస్టుకు అస్సలు తావులేని పద్యాలు ఇదే దారిలో దొరకడం గమనించదగ్గది.

రాజ్యార్థం: 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్‌ను కూడా ప్రధానంగా నలుగురికే పంచారు: కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల. ‘నలుగురు పడ్తరు’ అన్నది ఆర్టీసీ సూత్రమే కాదు, పరిపాలనా సూత్రం కూడా అని దీనివల్ల తేలుతోంది.

విద్యార్థం: పిల్లలు తక్కువైన బడి నుంచి సార్లు తక్కువైన బడికి సారును పంపడాన్ని వర్క్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. అడ్జస్ట్ అయ్యేది సారు, ఆర్డరు మీద సంతకం ఇంకొకరిది.

యంత్రార్థం: మెకానిక్ ‘బ్రేక్ అడ్జస్ట్ చేసిన’ అంటే బిగించాడని. మనుషుల్లో మాత్రం వదులు చేసుకోమని. ఒకే మాటకు రెండు ఎదురర్థాలు.

అధికారార్థం: వడ్ల కొనుగోలు దగ్గర వినపడుతుంది. తేమ 17 శాతం దాటొద్దని నిబంధన. రైతు రోజుల తరబడి ఆరబోసి, తూర్పార పట్టి తెస్తాడు. అయినా, “తాలు కొడ్తున్నది, సంచికి జర ఎక్కువ తూగనియ్యి, అడ్జస్ట్ గా” అంటారు. ఇంట్లో కొత్త కోడలికి చెప్పేదీ ఇదే మాట. ఇక్కడా ‘జర’ ఉంది. కానీ ఆ జర ఎన్నటికీ తీరదు.

సిద్ధాంతం

బస్సులోనూ వడ్ల కాంటా దగ్గరా మాట ఒకటే కదా, ఒకటి ధర్మం, ఇంకొకటి అధర్మం ఎట్లా అవుతుందని పూర్వపక్షం. వినండి. బస్సులో నేడు కూర్చున్న అక్క రేపు దస్తీ గురి తప్పితే నిలబడుతుంది. అప్పుడు ఆమె కోసం ఇంకొకరు జరుగుతారు. అడిగేవారు, ఇచ్చేవారు వంతులు మారుతుంటారు గనుక అక్కడ ధాతువు తన పుట్టుక అర్థంలో, దగ్గరకు చేర్చు అనే అర్థంలో, పనిచేస్తోంది. కాంటా దగ్గర వంతు మారదు. “ఈసారి మీరు అడ్జస్ట్ గాండ్రి, ధర జర పెంచుండ్రి” అని రైతు అన్నప్పుడు ఆ క్రియకు రూపాలే లేవంటారు. కోడలు అత్తతో అంటే ఏకంగా అపశబ్దం. పైనుంచి కిందికి మాత్రమే నడిచే చోట అది అడ్జస్ట్ కాదు, కోత. మాటలో లేని ‘జస్ట్’ను చూపించి కోతను న్యాయంగా చెల్లుబాటు చేసుకోవడమే అక్కడి మాయ.

తాత్పర్యం

అమ్మా! నువ్వు కష్టపడి సంపాదించిన చోటులో కాస్త ఈ ముసలమ్మకు ఇవ్వు. రేపు నీకు మేమిస్తాం, అని భావం. ఈ రెండో సగం మూలంలో పైకి కనిపించదు, ధ్వని వల్ల తెలుస్తుంది. ఎక్కడ ఆ ధ్వని లేదో అక్కడ వాక్యం అసంపూర్ణం.

ఫలశ్రుతి

ఈ టీకా చదివినవారికి పండుగ రోజుల్లోనూ సీటు, కండక్టరు దగ్గర చిల్లర దొరుకుతాయి. ఎవరైనా ‘అడ్జస్ట్ గా’ అనగానే, “అయితా. మరి నీ వంతెప్పుడు?” అని అడిగే నోరు వస్తుంది. ఈ చివరిది ఒక్కటి దక్కినా చాలు, మిగతావి అడ్జస్ట్ చేసుకోవచ్చు.

ఇది పల్లెవెలుగు కాండలో, చిల్లర ప్రకరణానంతరం, నాలుగో సీటున సగం కూర్చుని రాసిన సీటు సంజీవనీ వ్యాఖ్య సమాప్తం.