అప్పు కాలంలో పరిచిన రాయిని

నేను సున్నపురాయి ముక్కను. పుట్టింది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు షెనండోవా లోయలో. 1830ల చివర్లో కూలీలు నన్ను సుత్తితో పగలగొట్టి, వించెస్టర్ నుంచి స్టాంటన్ దాకా 93 మైళ్లు సాగే టోల్ రోడ్డు వ్యాలీ టర్న్‌పైక్‌లో పరిచారు. ఆ రోడ్డు కంపెనీలో ఐదింట మూడు వాటాలు రాష్ట్రానివే. కాలువలకు, రైళ్లకు, రోడ్లకు రాష్ట్రం విరివిగా అప్పులు తెచ్చిన కాలమది.

తర్వాత అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. సైన్యాలు నన్ను తొక్కుకుంటూ పోయాయి. యుద్ధం ముగిసేసరికి వడ్డీ మీద వడ్డీ పేరుకుంది. 1871 నాటికి రాష్ట్రం బాకీ దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు. ఆ వడ్డీ కట్టడానికి బడుల డబ్బు లాక్కున్నారు, ఎన్నో బడులు మూతపడ్డాయి. ఇక్కడి ముసలివాళ్లు ఆ సంగతి చచ్చేదాకా మరిచిపోలేదు.

ఇనుప పట్టీల బండి చక్రాలకు నేను అలవాటుపడ్డాను. అవి నన్ను నలిపినా, ఆ నలిగిన పొడే నన్నూ నా తోటి రాళ్లనూ కలిపి పట్టుకునేది. మోటారు కార్లొచ్చాక కథ మారింది. రబ్బరు టైర్లు ఆ పొడిని పీల్చి గాలిలోకి ఎగరేశాయి. పట్టు పోయి రాళ్లం కదిలిపోయాం. ఇక పాత పద్ధతి చాలదని నాకు అప్పుడే తెలిసింది.

1923 నవంబరు 6న రోడ్ల కోసం 5 కోట్ల డాలర్ల బాండ్లు తేవాలా వద్దా అని ఓటర్లను అడిగారు. నైరుతి కొండ జిల్లాలవాళ్లు తేవాలన్నారు. వానొస్తే ఇరుసు దాకా దిగబడే దారులు వాళ్లవి. వద్దన్నవాళ్లకు ముందు నిలిచింది హ్యారీ బర్డ్. ఒకప్పుడు మా టర్న్‌పైక్ కంపెనీ అధ్యక్షుడు. అప్పు వద్దు, వచ్చిన డబ్బుతోనే రోడ్లు వేద్దామన్నాడు. గ్యాలను పెట్రోలు మీద 3 సెంట్ల పన్ను ఆ ఏడాదే మొదలైంది. దాదాపు 46 వేల ఓట్ల తేడాతో బాండ్లు ఓడిపోయాయి.

అప్పు వద్దన్నవాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. మూతపడిన బడులను చూసినదాన్ని. కానీ నా రోడ్డుకు రాష్ట్రం ముందే డబ్బు పెట్టింది కాబట్టే ఈ లోయ రైతు డబ్బు వచ్చేదాకా ఆగగలిగాడు. కొండల్లోవాడికి ఆగడమంటే ఇంకో వానాకాలం బురదలోనే.

నా మీద తారు పడింది. 1926లో మా దారికి యూఎస్ 11 అని నంబరు పెట్టారు. అదే నంబరు దారి నైరుతి కొండల్లోకి కూడా సాగుతుంది.